తెర మీద గొర్రె

నమోదు 212

ఆట ఇవాళ కూడా బిగుసుకుపోయింది. షిఫ్టు మొత్తం బిగుసుకుంటూ, వదులుతూ, మళ్లీ బిగుసుకుంటూనే గడిచింది. బూదక్క లోడర్‌తో బకెట్ నిండా మంచు ఎత్తి సగం తిప్పిందో లేదో, తెర మీద నీలాకాశం, పచ్చగడ్డి, ఎగిరే పిట్టలు అన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. కింద బాయిలో ఉన్న అసలు లోడరు కూడా బకెట్ ఎత్తి పట్టుకుని అలాగే ఆగింది. ఆట నుంచి మాట రాకపోతే బండ్లన్నీ బ్రేకు వేసుకుని నిలబడతాయి. అది మంచి గుణమే, కాకపోతే షిఫ్టుకు ఎన్నిసార్లని నిలబడతాయి?

చేతులు ఖాళీ అయ్యేసరికి ఆట గదిలో ఉన్న ఆటగాళ్లందరూ ఎప్పటిలాగే ఒక్క గొంతుతో అరిచారు.

"ఓదెలూ!"

బాయిలోంచి వైర్‌లెస్‌లో మా తమ్ముడి గొంతు వచ్చింది. "ఓయ్! ఉన్న!"

అంతలో ఆట వదిలింది. పిట్టలు ఎగిరాయి, బకెట్ తిరిగింది.

ఇది జరుగుతున్నప్పుడే రాజేశం కాక నా సిస్టమ్ గది గడపలో నిలబడ్డాడు. ఈ బాయికి ఆయన ఓవర్‌మ్యాన్, అంటే షిఫ్టులన్నీ చూసే పెద్ద. మనిషి మంచివాడే, కానీ గడపలో నిలబడ్డాడంటే పని తెచ్చాడన్నమాట.

"స్వరూపా, పక్క బాయి కూలిపాయె, ఆడోళ్లు మొగోళ్లు అందరు మన దగ్గరికొచ్చిరి. ఊరు రెండింతలాయె, నీళ్లు మాత్రం పాతయే. ఈ ఆట గిట్ల మూల్గుకుంట నడిస్తే పిల్లలకేం తాగిస్తమే?"

"నన్నడుగుతవేంది కాకా? ఆట నేను రాసిన్నా?"

"రాయలే. బాగు చెయ్యి."

ఈ నమోదులు ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. మా ముత్తాతలు భూమ్మీద బొగ్గు బాయిల్లో దిగినవాళ్లు. మేం చంద్రుడి మీద, ఎండ ఎన్నడూ పడని గుంటలో, మంచు తవ్వుతాం. మాటలు మాత్రం పాతవే ఉంచుకున్నాం, దీన్నీ బాయి అనే అంటాం. బండ్లు చేసిన కంపెనీ మునిగింది. దాని అసలు ప్రోగ్రాం నెలనెలా భూమి నుంచి అనుమతి అడిగేది. అనుమతిచ్చేవాడు లేక అదీ చచ్చింది. మిగిలింది ఒక్కటే, కొత్తవాళ్లకు పని నేర్పడానికి ఆ కంపెనీ ఇచ్చిన ఆట. మా పెద్దలు ఆ ఆట తీగలు తీసుకెళ్లి నిజం బండ్లకు కట్టారు. అప్పటినుంచి మేం పనికి పోతున్నాం అనం, ఆటకు పోతున్నాం అంటాం.

ఆ ఆటకు తను చంద్రుడి మీద ఉన్నానని తెలియదు. దాని లెక్కలో ఇది ఎండ కాసే రాతి క్వారీ. లోడు నింపితే గలగలమని నాణేలు రాలుస్తుంది, బాగా నింపితే మూడు నక్షత్రాలిచ్చి "శభాష్!" అంటుంది. అందులో మనుషులు లేరు. నేర్చుకునేవాళ్లను పరీక్షించడానికి దారికి అడ్డం వచ్చే గొర్రెలను పెట్టారు, అంతే. బండి కళ్లకు కదిలేది ఏది కనిపించినా తెర మీద గొర్రె అవుతుంది. కదలనిది బండ. మూడోది లేదు.

మా తమ్ముడు ఓదెలు బాయిలో బండ్ల మధ్య నడిచే మనిషి. మంచు కోసే కట్టర్‌కు విరిగిన పళ్లు మారుస్తాడు, చక్రాల కిందికి పోయే కేబుళ్లు లాగుతాడు, బండ్ల కళ్ల మీద పేరుకున్న మంచుపొడి తుడుస్తాడు. ఆటలో వాడు గొర్రె. "ఎనకట మా తాతల తాతలు గొర్లను కాసిరి, ఈ తరంల నేనే గొర్రెనైన" అని వాడే నవ్వుతాడు. వాడికి అన్నిటికీ నవ్వే.

నమోదు 213

ఆట ఎందుకు బిగుసుకుంటుందో కనుక్కున్నాను. కనుక్కున్నాను అనడం గొప్పకు, ఎప్పటినుంచో తెలుసు. ముట్టుకోవడానికి ధైర్యం లేక ఊరుకున్నాను.

ఆట వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పుట్టింది. ఆ సిస్టమ్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. మా సిస్టమ్ మీద దాన్ని ఒక దుబాసీ ప్రోగ్రాం నడుపుతుంది. ఆట లోపల బోలెడుమంది పనివాళ్లు ఉంటారనుకోండి. ఒకడు బొమ్మ గీస్తాడు, ఒకడు బకెట్ బరువు చూస్తాడు, ఒకడు నాణేలు గలగలలాడిస్తాడు. ఒకడి పని అయ్యేదాకా ఇంకొకడు ఆగాలి. వాళ్ల పాత ఇంట్లో ఎవరు ఆగాలి, ఎవరు కదలాలి అన్నది సిస్టమ్ నడిబొడ్డున, కెర్నెల్‌లోనే తేలిపోయేది. మా దుబాసీకి ఆ సౌకర్యం లేక ఒక గుమస్తాను పెట్టుకుంది. "నేను ఆగనా? నేను పోనా?" అని ప్రతివాడూ ఆ గుమస్తా ముందు వరుసలో నిలబడాలి. ఇక్కడ నీళ్లు పంచే కిటికీ దగ్గర మేం నిలబడ్డట్టే. వరుస పెరిగినప్పుడల్లా ఆట బిగుసుకుంటుంది.

కాబట్టి గుమస్తాను ఇంటికి పంపించి, ఆ పనిని మా కెర్నెల్‌కే నేర్పే డ్రైవర్ ఒకటి రాస్తున్నాను. డ్రైవర్ రాస్తున్నానంటే రాజేశం కాక "ఏ షిఫ్టుకు వస్తడు?" అన్నాడు. ఆయనకు డ్రైవర్ అంటే బండి నడిపేవాడే. మనిషి కాదు కాకా, మనిషి చేయలేని పని చేసేది అని చెప్పాను.

అన్నిటికంటే కష్టమైన ముక్క ఒకటుంది. ఒక్కోసారి ఒక పనివాడు నలుగురైదుగురి కోసం ఒకేసారి ఆగుతాడు. అందులో ఒక్కడు రాకపోయినా కదలకూడదు. అందరూ వచ్చారని ఒకే క్షణంలో తేలాలి. నా తల ఈ "అందరూ వచ్చేదాకా ఆగు" దగ్గరే వాచిపోయింది.

నమోదు 219

పని చేసింది. చేయదన్నవాళ్లందరికీ ఈ నమోదు అంకితం.

ఆట గదిలో మొదట ఎవరికీ అర్థం కాలేదు. బూదక్క లోడు ఎత్తింది, తిప్పింది, పోసింది, మళ్లీ ఎత్తింది. ఎక్కడా ఆగలేదు. అలవాటుగా ఒకటి రెండుసార్లు చేతులు ఎత్తబోయి దించుకుంది. కాసేపటికి నోరంతా నవ్వు చేసుకుని, "నీ చేతులకు మొక్కాలె స్వరూపా! నూనె రాసినట్టు పోతాంది!" అంది. నాణేలు రాలుతూనే ఉన్నాయి. మూడు నక్షత్రాలు వచ్చిన చోట మళ్లీ మూడు నక్షత్రాలు.

షిఫ్టు దిగేసరికి కరిగించే తొట్లు నిండాయి. చాలా కాలం తర్వాత రాజేశం కాక తల స్నానాలకు నీళ్లు వదిలాడు. పక్క బాయి నుంచి వచ్చిన తిరుపతమ్మ, పిల్లలిద్దరితో ఓదెలు గదిలోనే సర్దుకుని ఉంటుంది. ఆ పిల్లల తడి జుట్టు చూసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు, చాలా గర్వంగా అనిపించింది.

అన్నం దగ్గర ఓదెలు మాత్రం కొంచెం ముభావంగా ఉన్నాడు.

"అక్కా, ఇయ్యాల నన్నొక్కలు గూడ పిలువలే."

"పిలిస్తే ఏమిస్తరు? బిర్యానా?"

"ఏమియ్యరు గని..." అని ఆగాడు. "అందరు పిలుస్తుంటె మంచిగుంటుండె."

"పెండ్లికొడుకువా, పిలుపులు కావాల్నా?" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వి పళ్లెం ఎత్తేశాను.

నమోదు 223

ఇవాళ బూదక్క ఆటలో పది పాయింట్లు పోగొట్టుకుంది.

గొర్రెకు బకెట్ తగిలితే పోయే పాయింట్లు అవి. తెర మీద గొర్రె "మే" అని ఎగిరి పక్కన పడింది. బూదక్క కుర్చీలోంచి లేచి కేక పెట్టింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె తెరకు దూరంగా జరిగి నిలబడింది.

"నేను సూడలేదమ్మా... బిడ్డ అడ్డమొచ్చినట్టే తెల్వలే. నాణేలు రాల్తున్నయి, నేను రాల్స్తనే ఉన్న..."

ఓదెలు తన కాళ్ల మీద తనే వచ్చాడు. సూటు భుజం దగ్గర గీరుకుపోయింది, చిల్లి పడలేదు. భుజం మాత్రం కమిలి నల్లబడింది. కట్టు కడుతుంటే మొదటిసారి వాడు నవ్వకుండా మాట్లాడాడు.

"ఇన్నొద్దులు నేను ఎట్ల బతికిననో ఎరుకేనా అక్కా? ఆట ఆగినప్పుడల్ల మీరు పిలుస్తిరి. బండ్లన్ని నిలబడేటియి. గప్పుడు నేను నడుము లేపి, ఏ బండి యాడున్నదో సూసుకొని, అటు జరుగుడో ఇటు జరుగుడో చేస్తుంటి. పైన బూదక్క గూడ గొర్రె యాడున్నదో సూసుకుంటుండె. ఇప్పుడు నడుము లేపేతందుకు సందే లేదు. బాయిల గాలి లేకపాయె, బండి ఎనకకెల్లి వచ్చినా సప్పుడు ఇనరాదు."

"మరి ముందే చెప్పవేందిరా?"

"చెప్పిన గద. నువ్వు బిర్యానీ అంటివి."

ఆ పిలుపు ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఖాళీ చేతులతో ఊరికే కూర్చోలేక ఎవరో ఎప్పుడో మొదలుపెట్టి ఉంటారు, అందరూ పట్టుకున్నారు. ఆట బిగుసుకోవడం జబ్బు అని నేను మందు వేశాను. ఆ జబ్బు మీదే నా తమ్ముడి ప్రాణం నిలబడి ఉందని నాకు తట్టలేదు, రాజేశం కాకకు తట్టలేదు, రోజూ అరిచే బూదక్కకూ తట్టలేదు.

కట్టు ముడి వేస్తుంటే వాడికి మళ్లీ నవ్వు వచ్చింది. "గొర్రె కసాయోన్నే నమ్ముతదట. నేను బూదక్కను నమ్మిన" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ బూదక్క ఏడుస్తూనే వాడిని తిట్టింది.

నమోదు 225

గంట పెట్టి చూశాం. గంట కొట్టినప్పుడల్లా ఆటగాళ్లు పిలవాలి, ఓదెలు పలకాలి. రాజేశం కాక ఆలోచన ఇది.

పిలిచారు. కానీ చేతులు ఆపి పిలవలేదు. బకెట్ తిప్పుతూ "ఓదెలూ", లోడు పోస్తూ "ఓదెలూ". వాడు కేబుల్ లాగుతూ "ఉన్న". పాత పిలుపులో బండి ఆగేది, కొత్త పిలుపులో నోరు మాత్రమే ఆడుతోంది. రెండో షిఫ్టు వచ్చేసరికి గంటను ఎవరూ పట్టించుకోవడం లేదు. వాళ్లను అని లాభం లేదు. నాణేలు గలగలమంటుంటే చెయ్యి ఆగదు, నేను కూర్చున్నా ఆగలేదు.

"నా డ్రైవర్ తీసేస్త కాకా" అన్నాను.

"తీసేస్తే నీళ్లో?"

"పాతట్లనే వస్తయి."

"పాతట్లనే అంటే సగం మందికి. ఆలస్యం అమృతం విషం అన్నరు స్వరూపా. ఆ పిల్లల మొకాలు సూసి చెప్పు."

ఓదెలు అక్కడే ఉన్నాడు. వాడు నా పక్షాన మాట్లాడతాడనుకున్నాను. "తియ్యకక్కా" అన్నాడు. "తిరుపతక్క పోరగాండ్లు నా గదిలనే పంటరు. దూప దూప అని కలవరిస్తరు. నేను జెర పైలంగ ఉంట తీ."

పైలంగా ఉంటాడట. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే బండి దగ్గర మనిషి ఎంత జాగ్రత్తగా ఉండగలడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యీ గొయ్యీ రెండూ నేనే తవ్వాను కాబట్టి ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేకపోయింది.

నమోదు 226

ఒక దారి దొరికింది. ఎవరినీ అడగలేదు, చేసేశాను.

"అందరూ వచ్చేదాకా ఆగు" అనే ముక్క ఉందే, నా తల వాచిపోయిన ముక్క, అక్కడ చెయ్యి పెట్టాను. లోడు పోయడం అవగానే ఆట తర్వాతి లోడుకు కదలాలంటే బొమ్మ గీసేవాడు, బరువు చూసేవాడు, నాణేలు రాల్చేవాడు అందరూ వచ్చి తీరాలి. ఆ వరుసలో ఇంకొకడిని చేర్చాను, ఓదెలును. వాడి హెల్మెట్ వైర్‌లెస్‌లో "ఉన్న" అని వినపడాలి. వినపడితే ఆట కదులుతుంది. లేకపోతే పిట్టలూ మబ్బులూ బండ్లూ అన్నీ నిలబడతాయి, ఎవరు మొత్తుకున్నా కదలవు. పాతదాని కన్నా వేగం, కొత్తదాని కన్నా నిదానం.

రాజేశం కాకకు షిఫ్టు మొదలయ్యాక తెలిసింది.

"ఎవలనడిగి పెట్టినవే?"

"వేగం పెట్టుమని నువ్వడిగినవు, ఇది పెట్టుమని నన్ను నేనే అడిగిన."

"తొట్లు నిండకపోతే నువ్వే జవాబు చెప్పాలె."

"చెప్త."

చెప్పాల్సిన సమయం తొందరగానే వచ్చింది. నీళ్ల కిటికీ దగ్గర తిరుపతమ్మ నా వెనకే నీళ్లు పట్టుకుంది. ఆమె చేతిలోని డబ్బా ముప్పాతికే నిండింది. ఆమె గొంతు పెంచలేదు.

"మీ తమ్మునికోసం మా పిల్లల గొంతులు ఎండాల్నా అక్కా? మా బాయి కూలినప్పుడు మా ఆయన లోపల్నే ఉండిపాయె. ఆయనకోసం ఎవలు ఏ ఆట ఆపలే."

నేను నా డబ్బా ఆమె డబ్బాలో వంచి వచ్చేశాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

నమోదు 231

ఇవాళ్టిది ఇవాళే రాసి తీరాలి.

మొదటి షిఫ్టులో ఆట ఆగింది. లోడు అయింది కాబట్టి ఆగింది, అందులో వింత లేదు. ఆట గదిలో అందరూ "ఓదెలూ!" అన్నారు. జవాబు లేదు. బూదక్క మళ్లీ పిలిచింది. తెర మీద పిట్ట రెక్క చాపి గాలిలో అలాగే ఉంది. నేను నా గదిలోంచి విన్నాను, మూడోసారి పిలిచేటప్పుడు ఆమె గొంతులోని తేడా విన్నాను.

మంచు గోడ కూలింది. డ్రైవర్ పెట్టిన కొత్తలో నాణేల మోజులో కట్టర్ గోడ అడుగును ఎక్కువ లోపలికి కోసేసింది. ఆ వేగంలో ఎవరూ చూడలేదు. అప్పుడు చేసిన తప్పు ఇవాళ మీద పడింది, అదీ కట్టర్ పళ్లు మారుస్తున్న ఓదెలు మీద.

రాజేశం కాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. "స్వరూపా, ఆ ఆగుడు తీసెయ్యి! లోడర్ కదలకుంటె మంచు ఎట్ల ఎత్తుతం? తీసెయ్యే, పోరడు కిందున్నడు!"

ఆయన తప్పు చెప్పలేదు. ఆ గడ్డలు చేతులతో ఎత్తేవి కావు, లోడర్ కావాలి. ఓదెలు పలికేదాకా లోడర్ కదలదు. లోడర్ కదిలేదాకా ఓదెలు పలకలేడు. ఈ ముడి నేనే వేశాను. ఒక్క పేరు చెరిపితే ఊడిపోతుంది. కానీ చెరిపితే లోడర్ మళ్లీ ఆగకుండా తవ్వుతుంది, కింద ఉన్నది మంచో మనిషో దానికి తెలియదు. తెర మీద వాడిప్పుడు గొర్రె కూడా కాదు, కదలనివాడు కాబట్టి బండ. బండను ఎత్తి పోస్తే ఆట నక్షత్రాలిస్తుంది.

"తియ్య" అన్నాను. "నేను దిగుత. నా హెల్మెట్‌ను వాని వైర్‌లెస్‌ల కలుపుతున్న. వానికి బదులు నేను పలుకుత."

"నీకు బాయి నడక రాదే!"

"పలుకుడొస్తది గద."

సూటు తొడుక్కుని దిగాను. బాయిలో దీపం వేసినా గాలిలో తేలే మంచుపొడి తప్ప ఏమీ కనపడలేదు. తప్పు రాశాను, అక్కడ గాలే లేదు, పొడి మెల్లగా రాలుతూ ఉంటుంది, అంతే. గోడ కూలిన గుట్ట పక్కన నిలబడి "ఉన్న!" అన్నాను.

లోడర్ కదిలింది. అంత పెద్దది చప్పుడు లేకుండా నా పక్కనుంచి పోతే మా తమ్ముడు రోజూ ఎలా బతికాడో ఒళ్లంతటికీ తెలిసింది. బూదక్క పై గడ్డను ఎత్తి పక్కన పోసింది. ఆట ఆగింది.

"స్వరూపా!"

నేను వెంటనే పలకలేదు. అన్ని బండ్లూ నిలబడ్డాయి కాబట్టి నేల అదరడం ఆగింది. హెల్మెట్‌ను మంచుకు ఆనించి విన్నాను. గాలి లేకపోయినా గట్టిదాన్ని తాకి వింటే చప్పుడు పాకుతుంది, అది ఓదెలు చెప్పిన విద్యే. ఏమీ వినపడలేదు. "ఉన్న" అన్నాను. ఇంకో బకెట్. ఆట ఆగింది.

"స్వరూపా!"

మళ్లీ ఆనించాను. ఈసారి ఎక్కడో లోపల ఇనుము మీద ఇనుము తగిలినట్టు టక్కుమంది. అది మంచు పగుళ్ల చప్పుడో, సుత్తి చప్పుడో తెలియలేదు. మరోసారి టక్, కొంచెం ఆగి టక్ టక్.

"కాకా, కొడుతున్నడు! ఎడమకు, ఎడమకు జరిగి ఎత్తుమను. ఉన్న!"

అలా బకెట్ బకెట్‌కూ ఆగుతూ, వింటూ, పలుకుతూ తవ్వాం. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. ఆనించినా ఏమీ లేదు. నేను ఏడుస్తూ "ఉన్న" అంటున్నాను. ఎవరు ఉన్నట్టు? చివరి గడ్డ లేచాక పొడి రేగి నా దీపానికి ముందున్న చెయ్యి కూడా కనపడలేదు. ఆట ఆగింది. బూదక్క పిలవలేదు.

"బూదక్కా?"

"ఆగు" అంది. ఊపిరి కూడా బిగబట్టినట్టుంది. "ఉన్న అను, జెర్ర కదలనియ్యి ఆటను. బకెట్ నేను ముట్ట."

"ఉన్న."

ఆట కదిలింది. బకెట్ కదలలేదు. పైన ఆట గదిలో అందరూ తెరను చూస్తున్నారు, నేను కింద చీకటిని చూస్తున్నాను. ఉన్నట్టుండి వైర్‌లెస్ పగిలేలా బూదక్క అరిచింది.

"రెండు గొర్లు! స్వరూపా, తెర మీద రెండు గొర్లున్నయే! నీ కాళ్లకాడి బండ గొర్రెయింది!"

నేను మోకాళ్ల మీద పడి పొడిలో చేతులు పెట్టాను. సూటు తొడిగిన వేళ్లు నా వేళ్లను పట్టుకున్నాయి.

నమోదు 234

ఓదెలు బతికాడు. ఎడమ కాలు మోకాలి కింద లేదు. గడ్డ పడి వైర్‌లెస్ పగిలి, సూటు చిరిగినప్పుడు తొడ దగ్గరి పట్టీ దానంతటదే బిగుసుకుని గాలి పోకుండా ఆపింది. ప్రాణం నిలిపిందీ అదే, కాలు తీసిందీ అదే.

మెలకువ వచ్చాక వాడు అడిగిన మొదటి మాట, "బూదక్కకు నక్షత్రాలెన్నొచ్చినయి?" అని. ఒక్కటీ రాలేదు, ఆలస్యానికి పాయింట్లు కోసింది ఆట అని చెప్పాను. నవ్వబోయి నొప్పికి మూలిగాడు. నేను బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. నా వేగం వల్లే వాడి కాలు పోయింది, నా ఆగుడు వల్లే ప్రాణం దక్కింది. ఈ రెండూ కలిపి కూడికలు తీసివేతలు చేసి ఎవరైనా చెబుతారేమో అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు.

నమోదు 241

నీళ్లు ముప్పాతిక డబ్బాలే. రాజేశం కాక తల స్నానాలు ఆపేశాడు. డ్రైవర్‌లోని ఆగుడును తీయమని మాత్రం ఇప్పుడు అడగడం లేదు. తిరుపతమ్మ నాతో మాట్లాడటం లేదు, కానీ ఆట నేర్చుకోవడానికి బూదక్క పక్కన కూర్చుంటోంది. ఇంకో లోడర్ నడిస్తే డబ్బాలు నిండుతాయన్నది ఆమె లెక్క. మంచి లెక్కే.

బాయిలో నడవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎలా వస్తారు? మనిషి దొరికేదాకా ఒక షిఫ్టు నేనే దిగుతానన్నాను. ఓదెలు అరిచి గోల చేశాడు. వాడు గోల చేసినకొద్దీ నాకు మొండితనం పెరిగింది, మా ఇంట్లో అందరిదీ ఇదే తీరు. చివరికి వాడిని తెచ్చి ఆట గదిలో లోడర్ ముందు కూర్చోబెట్టాం. ఆటకు కాళ్లతో పని లేదు.

ఇవాళ మొదటిసారి. విరిగిన పన్ను మార్చి నడుము ఎత్తేసరికి లోడు అయింది, ఆట ఆగింది. ఓదెలు నడిపే లోడర్ బకెట్ ఎత్తి పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. దాని కళ్లు నన్ను చూస్తున్నాయి, తెర మీద నేను గొర్రెను. నిజానికి నా డ్రైవర్‌కు పిలుపుతో పని లేదు, నా జవాబు ఒక్కటి చాలు. నేను "ఉన్న" అనేస్తే ఆట కదిలిపోతుంది. అయినా అనలేదు. ఆ చీకట్లో, ఆ ఇనుము ముందు, ఎవరైనా ముందు నన్ను పిలవాలని అనిపించింది. పిలవరేమోనని నిజంగా భయం వేసింది. అందరు పిలుస్తుంటే మంచిగుంటుండె అని అన్నం దగ్గర వాడు ఏం చెప్పబోయాడో అప్పుడు అర్థమైంది.

వైర్‌లెస్‌లో గరగర వచ్చింది. ఇంతకాలం పలకడమే తప్ప పిలవడం ఎరగని గొంతు అది.

"అక్కా... గొర్రె ఉన్నదా?"

గట్టి జవాబు ఒకటి ముందే ఆలోచించి పెట్టుకున్నాను, వాడు మళ్లీ నోరెత్తకుండా. దాన్ని పక్కన పెట్టేశాను.

"ఉన్న" అన్నాను. బకెట్ మెల్లగా పక్కకు తిరిగింది.